వంగిన చక్రాన్ని పారేయనక్కర లేదు.. పగిలితే తొక్కరాదు

గోతుల రోడ్లపైనా, పొలాల బాటలపైనా తిరిగే మౌంటెన్ బైక్ చక్రం ఒక్క దెబ్బకు వంకర పోతుంది. బ్రేకు రబ్బర్లను రాసుకుంటూ అటూ ఇటూ ఊగుతుంది. కొందరు వెంటనే చక్రం మొత్తాన్ని మార్చేస్తున్నారు. మరికొందరు అలాగే నెట్టుకొస్తున్నారు. మొదటిది డబ్బు దండగ, రెండోది ప్రమాదం. ఏది బాగు చేయదగినదో, ఏది మార్చవలసినదో తెలిస్తే రెండింటినీ తప్పించుకోవచ్చు.

పుల్లల బిగువే బలం

సైకిల్ పుల్లలు గుంజల్లా బరువు మోయవు. గట్టిగా లాగి కట్టిన తీగల్లా రిమ్మును నలువైపుల నుంచి హబ్బు వైపు పట్టి ఉంచుతాయి. ఒకవైపు పుల్లలు వదులైతే రిమ్ము రెండో వైపునకు ఒరుగుతుంది. పుల్లలను ఏటవాలుగా అల్లే విధానానికి ఇంగ్లండుకు చెందిన జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు పొందారు. నేటికీ అత్యధిక సైకిళ్ల చక్రాలు ఆ పద్ధతిలోనే తయారవుతున్నాయి.

పరీక్ష ఇలా..

సైకిల్‌ను తలకిందులుగా నిలిపి చక్రాన్ని మెల్లగా తిప్పాలి. బ్రేకు రబ్బరుకు రిమ్ము ఎక్కడ దగ్గరవుతుందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. పుల్లలను రెండేసి చొప్పున వేళ్లతో నొక్కితే వదులైనవి, విరిగినవి బయటపడతాయి. చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపినప్పుడు ఇరుసు వద్ద కదలిక ఉంటే లోపం హబ్బు కోన్లలో ఉన్నట్లు గ్రహించాలి. చివరగా టైరు విప్పి పుల్లల రంధ్రాల చుట్టూ పగుళ్లు ఉన్నాయేమో చూడాలి.

బెండు తీసే పద్ధతి

రిమ్ము కుడివైపునకు ఒరిగితే ఆ భాగంలో ఎడమవైపు పుల్లల నిపిళ్లను బిగించి, కుడివైపు నిపిళ్లను అంతే వదులు చేయాలి. ఒక్కోసారి పావు చుట్టు మాత్రమే తిప్పి, చక్రాన్ని మళ్లీ తిప్పి చూసుకోవాలి. నిపిల్‌కు సరిపోయే తాళమే వాడాలి. కటింగ్ ప్లేయరుతో తిప్పితే దాని అంచులు అరిగిపోతాయి. తుప్పు పట్టిన నిపిల్‌కు ముందుగా చుక్క నూనె వేయాలి. విరిగిన పుల్ల స్థానంలో అదే పొడవుది అమర్చాలి. వెనుక చక్రంలో గేర్లు ఉన్న కుడివైపు పుల్లల పొడవు, ఎడమవైపు వాటికంటే వేరుగా ఉండవచ్చు. పొడవు మించిన పుల్ల నిపిల్‌ను దాటి ట్యూబును పొడిచే అవకాశం ఉంది.

మార్చక తప్పనివి

పుల్లల బిగువు సరిచేసినంత మాత్రాన పగులు అతకదు. పుల్లల రంధ్రాల వద్ద చీలిన అల్యూమినియం రిమ్మును, గోతిలో పడి అంచు లోతుగా సొట్టపోయిన రిమ్మును మార్చడమే మేలు. పాడేరు, అరకు వంటి ఘాట్ ప్రాంతాలలో దిగుడు బాటలపై బ్రేకు ఎక్కువగా పట్టవలసి వస్తుంది. రబ్బరు బ్రేకులు ఉన్న సైకిళ్లలో అందువల్ల రిమ్ము పక్కగోడలు అరుగుతాయి. అక్కడ పల్లంగా తగిలితే ఆ రిమ్ము ఆయుష్షు తీరినట్లే. గోడ పలుచనైతే టైరులోని గాలి ఒత్తిడికే రిమ్ము విచ్చిపోవచ్చు.

హబ్బు బాగుంటే రిమ్మును మాత్రమే మార్చుకోవచ్చు. అయితే రంధ్రాల సంఖ్య ఒకటే ఉండాలి. గేర్ల సైకిళ్లలో సాధారణంగా 32 లేదా 36 రంధ్రాలు ఉంటాయి. కొత్త రిమ్ము లోతు వేరైతే పుల్లల పొడవు కూడా మారుతుంది.

కొలతలో పొరపాటు వద్దు

దుకాణంలో 26 అంగుళాలు అని అడిగితే చాలదు. టైరు పక్కన 50-559 వంటి అంకెలు ముద్రించి ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ముపై టైరు కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలో ఉంటాయి. 26 అంగుళాల మౌంటెన్ బైక్‌కు ఇది 559, 27.5కు 584, 29కి 622. 26 × 1 3/8 అని రాసి ఉన్న టైరుకు 590 రిమ్ము అవసరం. పిలిచేది 26 అయినా ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు. చక్రం మొత్తం కొనేవారు గేర్ల సంఖ్య, ఇరుసు వెడల్పు, డిస్క్ బ్రేకు అమరిక కూడా సరిచూసుకోవాలి.

బాగు చేసిన చక్రం పుల్లలు మొదటి కొద్ది రోజులలో కొంత సడలుతాయి. వారం తరువాత మరోసారి బిగువు చూపించుకోవాలి. పిల్లలు బడికి వెళ్లే సైకిల్ అయితే నెలకోసారైనా ఈ పరీక్ష చేయడం మంచిది. మార్గమధ్యంలో రిమ్ము పగిలినట్లు కనిపిస్తే తొక్కకుండా, నడిపించుకుంటూ తీసుకెళ్లాలి.