పొయ్యికి లొంగని ఫ్లోరైడ్

ఎసరు మరిగితే నీళ్లలోని క్రిములు చస్తాయి. బియ్యంలోని పిండి రేణువులు 70 డిగ్రీలు దాటేసరికి నీరు పీల్చి ఉబ్బి మెత్తబడతాయి, అన్నమవుతాయి. ఇంత పని చేసే మంట, నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్‌ను మాత్రం ఏమీ చేయలేదు. గ్రానైట్ రాళ్ల పొరల్లోంచి ఊరే ఆ నీటితోనే నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లు దశాబ్దాల తరబడి వండుకున్నాయి.

4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న లీటరు నీటిని సగమయ్యేదాకా మరిగించారనుకోండి. ఆవిరైపోయేది నీరే. మిగిలిన అర లీటరులో ఆ 4 మిల్లీగ్రాములూ ఉంటాయి. అంటే నీళ్లు రెండింతలు చేటు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణాలు. అత్తెసరు పెడితే ఎసరంతా గింజలోకి ఇంకుతుంది, ఫ్లోరైడూ దాని వెంటే. గంజి వారిస్తే కొంత బయటికి పోతుంది. అందుకే తాగడానికి మంచినీళ్లు తెచ్చుకుని, వంటకు బోరు నీళ్లు వాడితే సగం జాగ్రత్తే తీసుకున్నట్టు.

వేడి చేయలేని పనిని పటిక చేసింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించి, 1975లో ప్రచురించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. కావలసింది అడుగుకు మూడు నాలుగు సెంటీమీటర్ల పైన కుళాయి బిగించిన ఒక బకెట్. పటికలో ఇరవయ్యో వంతు సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్. ముందు ఒక నిమిషం గబగబా కలపాలి, తర్వాత పది నిమిషాలు నిదానంగా తిప్పాలి. నీళ్లలో విరిగిన పాలలా తెల్లటి తునకలు కడతాయి. గంటకు పైగా కదపకుండా వదిలేస్తే అవి అడుగుకు దిగుతాయి, పైన తేటనీరు నిలుస్తుంది.

ఆ తునకలు అల్యూమినియం హైడ్రాక్సైడ్. ఫ్లోరైడ్ అయాను పరిమాణంలోనూ విద్యుదావేశంలోనూ హైడ్రాక్సైడ్ అయానుకు దగ్గరది, కాబట్టి దాన్ని నెట్టేసి ఆ చోట్లో కూర్చుంటుంది. మన ఎముకల్లోని ఖనిజంలోనూ అది చేసేది సరిగ్గా ఇదే. ఎముకలో ఏళ్ల తరబడి జరిగి వెన్నును వంచే ఆ మార్పిడిని, ఒంట్లోకి చేరకముందే బకెట్‌లో జరిపించడం ఈ పద్ధతిలోని అసలు తెలివి. దీన్ని చూసి నాకు నేటికీ అబ్బురమే.

అయినా ఇంటింటా నిలవలేదు. రోజూ కలపాలి, మడ్డి పారబోయాలి. నీటి క్షారతను బట్టి మోతాదు మార్చాలి. పటిక తగ్గితే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే అల్యూమినియం, సల్ఫేట్లు మిగిలిపోతాయి. ఇంటి చాకిరీకి తోడు ఇంత లెక్కనూ ఆడవాళ్ల మీద వేయడం అన్యాయం. జిల్లాకు మెరుగైన దారి కృష్ణా నీళ్లే. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ లేచిన మిషన్ భగీరథ తాగునీటి పథకం నడిచిందీ ఆ దారినే. పెద్ద నది అందుబాటులో లేని చోట్లకు మాత్రం పటిక బకెట్ ప్రయాణం కట్టింది. టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లో అగ్నిపర్వతాల నేలల ఫ్లోరైడ్ మీద ఈ నల్లగొండ పద్ధతినే ప్రయోగించారు.