పావుగంటకొక లెక్క: టోకు విద్యుత్ ఖాతాలకు ఆధారం ఆటోమేటిక్ మీటర్ రీడింగ్

ప్రత్యేక వ్యాసం

విద్యుత్తును ధాన్యం వలె గోదాములో నిల్వ ఉంచి, తూకం వేసి, ఆ తరువాత కొనుగోలుదారునకు అప్పగించే వీలు లేదు. పెద్ద మొత్తాలలో విద్యుత్తు ఉత్పత్తి అయిన క్షణమే వినియోగం కావలసి ఉంటుంది. ఒకే గ్రిడ్‌లోకి అనేక ఉత్పత్తి కేంద్రాలు విద్యుత్తును పంపుతాయి. అదే గ్రిడ్ నుండి అనేక రాష్ట్రాలు దానిని తీసుకుంటాయి. ఎవరి విద్యుత్తు ఎవరికి చేరినదీ వేరుచేసి చూపడం సాధ్యం కాదు. కనుక ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు ఎంత తీసుకున్నారు అనే ప్రశ్నకు సరిహద్దు బిందువుల వద్ద అమర్చిన మీటర్లే సమాధానం చెప్పాలి. విద్యుత్ సంస్థల మధ్య కోట్ల రూపాయల చెల్లింపులు ఈ మీటర్ల అంకెలపైనే ఆధారపడి ఉన్నాయి. ఆ అంకెలను మనుషుల ప్రమేయం లేకుండా నేరుగా లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు చేర్చే విధానమే ఆటోమేటిక్ మీటర్ రీడింగ్. దీనిని సంక్షిప్తంగా ఎ.ఎం.ఆర్. అని వ్యవహరిస్తారు.

నేపథ్యం

దేశంలో టోకు విద్యుత్ ఖాతాల తీరును మార్చినది అవెయిలబిలిటీ బేస్డ్ టారిఫ్ అనే ఎ.బి.టి. విధానం. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2000 జనవరిలో దీనిపై ఉత్తర్వులు జారీ చేసింది. దక్షిణ ప్రాంతంలో 2003 జనవరి 1 నుండి ఈ విధానం అమలులోకి వచ్చింది. దీనికి ముందు కేంద్ర ఉత్పత్తి కేంద్రాల నుండి తీసుకున్న విద్యుత్తుకు నెల మొత్తానికి కలిపి లెక్క వేసేవారు. అర్ధరాత్రి మిగులు ఉన్న వేళ తీసుకున్న యూనిట్‌కు, సాయంత్రం కొరత వేళ తీసుకున్న యూనిట్‌కు తేడా ఉండేది కాదు.

ఎ.బి.టి. అమలుతో రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలుగా విభజించారు. వీటినే టైమ్ బ్లాకులు అంటారు. ప్రతి రాష్ట్రానికి, ప్రతి ఉత్పత్తి కేంద్రానికి ముందురోజే బ్లాకుల వారీగా షెడ్యూలు నిర్ణయమవుతుంది. షెడ్యూలుకు, వాస్తవంగా మీటరులో నమోదైన దానికి మధ్య గల తేడాకు వేరుగా వెల కడతారు. ఈ తేడాను తొలుత అన్‌షెడ్యూల్డ్ ఇంటర్‌చేంజ్ అనేవారు. 2014 ఫిబ్రవరి నుండి దాని స్థానంలో డీవియేషన్ సెటిల్‌మెంట్ విధానం వచ్చింది. ఆ తరువాత 2022లోను, 2024లోను కొత్త నిబంధనలు వెలువడ్డాయి. తేడాకు వెల కట్టే సూత్రం పలుమార్లు మారినప్పటికీ 15 నిమిషాల బ్లాకు మాత్రం మారలేదు.

ఒక బ్లాకు విలువ ఎంత

ఒక రాష్ట్రానికి ఒకానొక బ్లాకులో 6,000 మెగావాట్ల షెడ్యూలు ఉన్నదనుకుందాం. పావుగంటకు అది 15 లక్షల యూనిట్లు. వాస్తవ వాడకం 6,100 మెగావాట్లయితే 25,000 యూనిట్లు అదనంగా తీసుకున్నట్లు లెక్క. 2014 నాటి నిబంధనల ప్రకారం గ్రిడ్ ఫ్రీక్వెన్సీ సరిగ్గా 50 హెర్ట్జ్ ఉన్నప్పుడు తేడాకు యూనిట్ ధర 178 పైసలు. ఆ లెక్కన చెల్లించవలసినది 44,500 రూపాయలు. అదే సమయంలో ఫ్రీక్వెన్సీ 49.70 హెర్ట్జ్ కంటే దిగువకు పడిపోతే యూనిట్ ధర 824.04 పైసలు. అప్పుడు అదే 25,000 యూనిట్లకు 2,06,010 రూపాయలు చెల్లించాలి. ఇది ఒక్క పావుగంటకు, అదనపు రుసుములేవీ కలపకుండా వచ్చిన మొత్తం. ఇటువంటి బ్లాకులు వారానికి 672 ఉంటాయి.

2019లో ఈ ధరను విద్యుత్ ఎక్స్‌ఛేంజీల మరుసటి రోజు మార్కెట్ ధరతో ముడిపెట్టారు. దేశంలో తొలి విద్యుత్ ఎక్స్‌ఛేంజీ 2008 జూన్‌లో పనిచేయడం ప్రారంభించింది. 2020 జూన్ 1 నుండి అరగంటకొకసారి వేలం జరిగే రియల్ టైమ్ మార్కెట్ కూడా అందుబాటులోకి వచ్చింది. మార్కెట్ వేగం పెరిగేకొద్దీ మీటరు అంకెలు త్వరగా అందవలసిన అవసరం కూడా పెరిగింది.

మీటరు నమోదు చేసేది ఏమిటి

ఇళ్లలోని మీటరు మొత్తం యూనిట్లను మాత్రమే చూపుతుంది. రాష్ట్రాల సరిహద్దు లైన్ల వద్ద, ఉత్పత్తి కేంద్రాల వద్ద ఉండే స్పెషల్ ఎనర్జీ మీటరు ఇందుకు భిన్నమైనది. ప్రతి 15 నిమిషాలకు నికరంగా ఎంత విద్యుత్తు ఏ దిశలో ప్రవహించినదీ, ఆ బ్లాకులో సగటు ఫ్రీక్వెన్సీ ఎంత ఉన్నదీ ఇది విడివిడిగా భద్రపరుస్తుంది. వోల్టేజీ నిర్ణీత స్థాయిలో 103 శాతానికి మించినప్పుడు, 97 శాతం కంటే తగ్గినప్పుడు ప్రవహించిన రియాక్టివ్ విద్యుత్తును కూడా వేర్వేరు ఖాతాలలో నమోదు చేస్తుంది.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లో మీటర్ల అమరిక, నిర్వహణపై నిబంధనలను ప్రకటించింది. వీటి ప్రకారం అంతర్రాష్ట్ర బిందువుల వద్ద 0.2ఎస్ ఖచ్చితత్వ తరగతికి చెందిన మీటర్లు ఉండాలి. మెయిన్, చెక్, స్టాండ్‌బై అనే మూడు రకాల మీటర్లను ఈ నిబంధనలు పేర్కొన్నాయి. ఒక మీటరు పాడైనా, దాని అంకెలు అనుమానాస్పదంగా ఉన్నా రెండవదాని సాక్ష్యం అందుబాటులో ఉండాలన్నది వీటి ఉద్దేశం.

చేతి యంత్రం నుండి కేంద్ర సర్వరుకు

ఎ.బి.టి. అమలైన తొలి సంవత్సరాలలో మీటర్ల అంకెలను వారానికొకసారి సేకరించేవారు. ఆదివారం అర్ధరాత్రితో వారం ముగిసేది. ఆపై సబ్ స్టేషన్ సిబ్బంది చేతిలో ఇమిడే సేకరణ యంత్రాన్ని ఒక్కొక్క మీటరుకు తగిలించి సమాచారాన్ని దించుకొని, కంప్యూటరులోకి మార్చి, ఈ-మెయిల్ ద్వారా బెంగళూరులోని దక్షిణ ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు పంపేవారు. 2010 నాటి గ్రిడ్ కోడ్ ప్రకారం ఈ కేంద్రం అంకెలను పరిశీలించి గురువారం మధ్యాహ్నానికి ప్రాంతీయ విద్యుత్ కమిటీ సచివాలయానికి అందజేయాలి. వారపు ఖాతాను వెలువరించేది ఆ సచివాలయమే.

ఈ పద్ధతిలో ఒక్క సబ్ స్టేషన్ నుండి సమాచారం ఆలస్యమైనా ప్రాంతం మొత్తం ఖాతా నిలిచిపోయేది. సోమవారం చెడిపోయిన మీటరు సంగతి మరుసటి వారం వరకు బయటపడకపోవచ్చు. అన్నింటికీ మించి, షెడ్యూలు తప్పినందుకు తగిలే భారం ఎంతో సంబంధిత సంస్థకు రోజుల తరువాత గాని తెలిసేది కాదు.

ఎ.ఎం.ఆర్. విధానంలో సబ్ స్టేషన్‌లోని మీటర్లన్నింటినీ తీగల ద్వారా డేటా కాన్సెంట్రేటర్ అనే పరికరానికి కలుపుతారు. ఇది మీటర్లను వరుసగా పలకరించి వాటి అంకెలను సేకరిస్తుంది. అక్కడి నుండి ఆప్టికల్ ఫైబర్ ద్వారా గాని, మొబైల్ నెట్‌వర్కు ద్వారా గాని సమాచారం లోడ్ డిస్పాచ్ సెంటర్‌లోని సర్వరుకు చేరుతుంది. లైను తెగినచో కాన్సెంట్రేటరు సమాచారాన్ని తనవద్దనే భద్రపరచి, సంబంధం పునరుద్ధరించబడిన వెంటనే పంపుతుంది. అది కూడా విఫలమైతే మీటరు జ్ఞాపకంలోని అంకెలను పాత పద్ధతిలోనే తీసుకోవచ్చు. వేర్వేరు తయారీదారుల మీటర్లు ఒకే భాషలో సమాచారం ఇవ్వడానికి వీలుగా 2011లో ఐ.ఎస్. 15959 అనే భారతీయ ప్రమాణం రూపొందినది.

లెక్క తప్పే చోట్లు

అంకెలు వేగంగా చేరినంత మాత్రాన అవి సరైనవి కావాలని లేదు. నిపుణులు ముఖ్యంగా నాలుగు అంశాలను గమనిస్తారు.

మొదటిది గుణకం. మీటరుకు నేరుగా 220 కిలోవోల్టుల విద్యుత్తు అందదు. వోల్టేజీని పి.టి., కరెంటును సి.టి. తగ్గించి ఇస్తాయి. 220 కిలోవోల్టులను 110 వోల్టులకు తగ్గించే పి.టి. నిష్పత్తి 2,000. కరెంటును 800 ఆంపియర్ల నుండి ఒక ఆంపియరుకు తగ్గించే సి.టి. నిష్పత్తి 800. రెండింటి లబ్ధం 16 లక్షలు. అంటే మీటరులో నమోదైన ఒక్క వాట్ అవర్ లైనుపై 1,600 యూనిట్లకు సమానం. సబ్ స్టేషన్‌లో సి.టి. నిష్పత్తిని 400 నుండి 800కు మార్చి, ఆ విషయాన్ని లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు తెలియజేయనిచో ఖాతాలో సగం విద్యుత్తు మాయమవుతుంది. ఈ లోపాన్ని ఎ.ఎం.ఆర్. తనంతట తాను సరిచేయలేదు.

రెండవది గడియారం. మీటరు గడియారం వెనుకబడినచో ఒక బ్లాకు విద్యుత్తులో కొంత మరొక బ్లాకులో పడుతుంది. రోజు మొత్తంలో తేడా కనిపించదు. అయితే ఉదయం, సాయంత్రం లోడు వేగంగా మారే వేళల్లో చెల్లింపు మారిపోతుంది. అందువల్ల గడియారాలను ప్రామాణిక కాలంతో తరచు సరిచూడవలసి ఉంటుంది. ఒకేసారి పెద్ద సవరణ చేస్తే ఒక బ్లాకు కుదించుకుపోతుంది. కనుక కొద్ది సెకన్ల చొప్పున సర్దడం మేలు.

మూడవది దిశ. సి.టి. తీగలు తారుమారైతే ఇచ్చిన విద్యుత్తు తీసుకున్నట్లుగా నమోదవుతుంది. దీనివల్ల కలిగే తేడా అసలు మొత్తానికి రెట్టింపు.

నాలుగవది సమాచారం లోపించడం. మెయిన్ మీటరు అంకెలు అందనప్పుడు చెక్ మీటరు నుండి, అదీ లేనప్పుడు లైను రెండవ చివరనున్న మీటరు నుండి లైను నష్టాన్ని సర్దుబాటు చేసి విలువను తీసుకుంటారు.

ఈ తప్పులను పట్టుకునే మార్గం సరిపోల్చడమే. లైను రెండు చివరల మీటర్ల మధ్య తేడా ఆ లైను నష్టానికి మించరాదు. సబ్ స్టేషన్ బస్‌లోకి వచ్చినది, బయటకు పోయినది సమానం కావాలి. వారానికొకసారి చేసే ఈ పరీక్షను ఎ.ఎం.ఆర్. ప్రతిరోజు చేసే వీలు కల్పించింది. దీని ప్రధాన ప్రయోజనం ఇదే.

రాష్ట్ర విభజన అనంతరం

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగినప్పుడు మీటరింగ్‌కు సంబంధించి అరుదైన పరిస్థితి తలెత్తింది. అంతకు ముందురోజు వరకు ఒకే ట్రాన్స్‌కో పరిధిలో అంతర్గత లైన్లుగా ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య అంతర్రాష్ట్ర లైన్లయ్యాయి. విద్యుత్ వాటాలను తెలంగాణకు 53.89 శాతంగా, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతంగా 2014 మే నెలలోనే నిర్ణయించారు. అయితే వాటా కాగితంపై ఉంటుంది; వాస్తవ ప్రవాహం తీగలపై ఉంటుంది. రెండింటిని పోల్చడానికి సరిహద్దు దాటే ప్రతి లైనూ ప్రాంతీయ ఖాతాలోకి రావలసినదే. ఒక్క లైను లెక్కలోకి రాకున్నా ఒక రాష్ట్రం వాడకం తగ్గి, మరొకదాని వాడకం పెరిగినట్లు కనిపిస్తుంది.

రాష్ట్రం లోపల

అంతర్రాష్ట్ర ఖాతా రాష్ట్రానికంతటికీ కలిపి ఒక్క మొత్తాన్ని చూపుతుంది. ఆ మొత్తాన్ని డిస్కంలు, ఉత్పత్తి కేంద్రాలు, ఓపెన్ యాక్సెస్ వినియోగదారుల మధ్య పంచడానికి రాష్ట్ర స్థాయి ఖాతా అవసరం. ఓపెన్ యాక్సెస్ లావాదేవీల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ నియంత్రణ మండలి 2006లోనే తాత్కాలిక బ్యాలెన్సింగ్, సెటిల్‌మెంట్ కోడ్‌ను జారీ చేసింది. రాష్ట్రాల లోపలి షెడ్యూలింగ్, మీటరింగ్, ఖాతాలు, చెల్లింపుల విధానాన్ని ఏకరీతిగా రూపొందించేందుకు ఫోరం ఆఫ్ రెగ్యులేటర్స్ సాంకేతిక కమిటీ 2016లో సమస్త్ పేరిట నివేదికను సమర్పించింది. సరిహద్దు మీటర్లకు ఎ.ఎం.ఆర్. ఉండాలన్నది అందులోని కీలక సూచనలలో ఒకటి. పవన, సౌర విద్యుత్ వాటా పెరిగిన నేపథ్యంలో దీని ప్రాధాన్యం మరింత హెచ్చింది. మేఘం కమ్మిన కొద్ది నిమిషాలలోనే సౌర ఉత్పత్తి పడిపోతుంది. ఆ తేడా ఎవరి ఖాతాలో పడాలన్నది మీటరే చెప్పాలి.

ప్రజలకు సంబంధమేమి

డిస్కంలు విద్యుత్ కొనుగోలుకు వెచ్చించే మొత్తం వాటి వ్యయంలో అతి పెద్ద భాగం. నియంత్రణ మండలి అనుమతించిన మేరకు అది ఛార్జీల రూపంలో వినియోగదారునిపై పడుతుంది. ఖాతా తప్పినచో ఒక సంస్థ చేసిన ఉల్లంఘనకు మరొక సంస్థ వినియోగదారులు మూల్యం చెల్లిస్తారు.

గ్రిడ్ భద్రతకు కూడా దీనితో సంబంధం ఉన్నది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలిన ఘటనపై విచారణ జరిపిన కమిటీ, షెడ్యూలుకు మించిన వాడకాన్ని తగ్గించడంలో తగిన స్పందన లేకపోవడాన్ని కారణాలలో ఒకటిగా పేర్కొన్నది. అప్పటికి మిగతా గ్రిడ్‌తో సింక్రనస్‌గా అనుసంధానం కాని దక్షిణ గ్రిడ్ ఆ ప్రమాదం నుండి తప్పించుకున్నది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో ఆ అనుసంధానం కూడా జరిగింది. నాటి నుండి దేశమంతటా ఒకే ఫ్రీక్వెన్సీ. ఒకచోటి అతివాడకం ప్రభావం అన్ని చోట్లా ఉంటుంది.

గణాంకాలను చదివేటప్పుడు

లోడ్ డిస్పాచ్ సెంటర్లు ప్రతిరోజు వెలువరించే వినియోగ గణాంకాలు సాధారణంగా స్కాడా వ్యవస్థ నుండి వస్తాయి. అవి గ్రిడ్ నిర్వహణ కోసం ఉద్దేశించినవి. చెల్లింపులకు ప్రాతిపదిక మాత్రం మీటర్ల అంకెలే. ఈ రెండింటి మధ్య స్వల్ప తేడా సహజం. అది అక్రమానికి నిదర్శనం కాదు. వారపు ఖాతాలు కూడా తరువాత సవరణకు లోనుకావచ్చు. కనుక ఏ అంకె ఏ మూలం నుండి, ఏ తేదీ ఖాతా నుండి తీసుకున్నదో పేర్కొనడం అవసరం.

ఖాతాలను పావుగంటకు బదులు ఐదు నిమిషాలకు తగ్గించాలన్న ప్రతిపాదన కేంద్ర నియంత్రణ మండలి స్థాయిలో పరిశీలనకు వచ్చింది. ఆస్ట్రేలియా జాతీయ విద్యుత్ మార్కెట్ 2021 అక్టోబరు 1 నుండి ఐదు నిమిషాల ఖాతాను అమలు చేస్తున్నది. ఆ పద్ధతిలో రోజుకు 96కు బదులు 288 బ్లాకులు ఉంటాయి. అన్ని మీటర్ల నుండి అంతటి సమాచారాన్ని చేతి యంత్రాలతో సేకరించి, సరిచూచి, గడువులోగా ఖాతా వెలువరించడం ఆచరణ సాధ్యం కాదు. ఆ దిశగా వేసే ఏ అడుగుకైనా ఎ.ఎం.ఆర్. వ్యవస్థ పటిష్ఠంగా ఉండటం, సబ్ స్టేషన్‌లో జరిగే ప్రతి మార్పు అదేరోజు రికార్డులకు ఎక్కడం తప్పనిసరి.