ఊరి బడికి మంచినీళ్లు: రూములో చందాలు ఎత్తొద్దు

బడిలో మంచినీళ్లు లేకపోతే బిందె ఎత్తేది ఆడపిల్లలే, బడి మానేదీ వాళ్లే. అందుకే డేరాలో మీ రూమువాళ్లంతా కలిసి ఊరి బడికి నీళ్ల ప్లాంటు పెట్టిద్దామనుకుంటున్నారా? మంచి మాటే. కానీ చందాలు మాత్రం ఎత్తకండి అన్నా. యూఏఈలో 2021 చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న సంస్థలే చందాలు వసూలు చేయాలి. వాట్సాప్‌లో అడిగినా జైలు, 5 లక్షల దిర్హాముల దాకా జరిమానా పడొచ్చు.

మరేం చేయాలి? ఎవరి డబ్బు వాళ్లే ఎక్స్ఛేంజీ నుంచి ఇంటికి పంపండి. ఇంట్లోవాళ్లు బడి కమిటీకి కట్టి, రసీదు తీసుకోవాలి. ఇక్కడే ఇవ్వాలంటే దుబాయ్ కేర్స్ ఉంది. 2007లో మొదలైన ఈ సంస్థ పేద దేశాల బడుల్లో మంచినీళ్లు, మరుగుదొడ్ల పనులకూ సాయం చేస్తుంది. ఎవరైనా చందా అడిగితే ముందు లైసెన్సు చూపించమనండి.