పరిశోధన రోగిశయ్యను చేరవలెను

ఖిలా వరంగల్ నివాసికి మనోవ్యాధి సోకినచో చికిత్సాస్థానము దూరము కాదు. నగరమునందలి మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలలో మానసిక వైద్యశాఖ కలదు. కాని మన దేశమున నింకను తీరని దూరము వేరొకటి యున్నది. అది పరిశోధనలో రుజువైన విషయమునకును, రోగి మంచముకడ జరుగు ఉపచర్యకును నడుమనున్న దూరము.

తమిళనాటి ఏర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీన పాక అంటుకొనగా, గొలుసులతో కట్టబడిన మానసిక రోగులు పారిపోలేక 28 మంది మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము గొలుసులను బొత్తిగా నిషేధించినది. రోగికిగాని పరులకుగాని తక్షణమే కీడు మూడునపుడు, గత్యంతరము లేనిచో మాత్రమే, మానసిక వైద్యుని అనుమతితో రోగిని నిర్బంధింపవచ్చును. ఎందులకు, ఎంతసేపు నిర్బంధించిరో వెంటనే వ్రాయవలెను. రోగి ప్రతినిధికి 24 గంటలలో తెలుపవలెను. సిబ్బంది చాలరను మిషతో నిర్బంధింపరాదనియు చట్టము స్పష్టముగా పలికినది.

కట్టకున్న నెట్లని యడుగువారు కలరు. పెక్కుమంది రోగులకు ఒక్క నర్సు రాత్రియెల్ల కాపుండుచోట ఆ భయము అకారణము కాదు. దీనికి సమాధానమును నర్సు వృత్తినుండి వచ్చిన పరిశోధకులే వెదకిరి. ఇంగ్లండునందు ఆచార్య లెన్ బోవర్సును, ఆయన సహచరులును 15 ఆసుపత్రులలోని 31 వార్డులను చీట్లు వేసినట్లు రెండు తెగలుగా విభజించి పరీక్షించి, 2015లో ఫలితములను ప్రకటించిరి. పద్ధతి పేరు సేఫ్‌వార్డ్స్. ఆజ్ఞాపింపక మృదువుగా కోరుట, దుర్వార్త వచ్చునని గ్రహించి ముందుగనే ఊరడించుట, నర్సులును రోగులును ఒకరినొకరు మనుష్యులుగా నెరుగుట మొదలైనవి యందలి పనులు. ఇది నడచిన వార్డులలో, తక్కినవానితో పోల్చగా, కలహములు నూటికి 15 వంతులును, నిర్బంధము మొదలగు చర్యలు నూటికి 26 వంతులును తగ్గినవి.

అయినను అచ్చటి వార్డు వేరు, ఇచ్చటి వార్డు వేరు. మన రోగివెంట తల్లియో, తోబుట్టువో తోడుండుట వాడుక. ఆ తోడును లెక్కగొనని పద్ధతి మనకు పొసగదు. కావున గ్రుడ్డిగా అనుకరింపక మనవార్డులలోనే పరీక్షించి చూడవలెను. చట్టము విధించిన వ్రాతయే దీనికి మూలధనము. నిర్బంధమునకు ముందేమి జరిగెను, ఏ మాట పలుకబడెను, దగ్గర నెవరుండిరి అను సంగతులను నర్సులు వ్రాసి, నెలకొకమారు వైద్యులతో కూర్చుండి విచారించినచో, ఏ మార్పు మేలు చేసెనో తేటపడును.

ఇందులకు నర్సులకు తీరిక కావలెను, శిక్షణ కావలెను. అన్నిటికంటె ముందు వారి మాటకు వార్డులో విలువ కావలెను. ఉత్తరువులు పంపి ఊరకుండిన ప్రభుత్వము పని ముగించినట్లు కాదు. చదువరులకును ఇందు బాధ్యత కలదు. తమవానిని ఆసుపత్రిలో చేర్చిన పెద్దలు మందులెట్లు పనిచేయుచున్నవని యడిగి తృప్తిపడరాదు. కట్టితిరా, ఎందులకు కట్టితిరి, అంతకుముందేమి ప్రయత్నించితిరి అనియు మర్యాదగా, తప్పక అడుగవలెను. అడుగువారున్నచోటనే చట్టము మేల్కొనియుండును.