ఎముకలో మందుల గూడు

మీకు తెలుసా? ఎముక క్యాన్సర్ మనిషి కంటే పాతది! 1989లో కెనడాలో తవ్వి తీసిన ఓ కొమ్ముల డైనోసార్ కాలి ఎముకను చాలాకాలం విరిగి అతికిన ఎముకే అనుకున్నారు. 2020లో తేలింది: అది ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్. వయసు దాదాపు 7 కోట్ల 60 లక్షల ఏళ్లు!

మీకు తెలుసా? ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది గబగబా ఎత్తు పెరిగే పిల్లల్లో. అదీ మోకాలి చుట్టుపక్కలే!

దీనికి వాడే ముఖ్యమైన మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. ఎవరి చలవో తెలుసా? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుది, అమెరికా లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందానిది! కీళ్లవాతానికి ఇది సాధారణంగా వారానికి 25 మిల్లీగ్రాములు మించదు. ఎముక క్యాన్సర్‌కు ఒక్క విడతలోనే 20 గ్రాముల దాకా ఎక్కిస్తారు. అంటే 800 రెట్లు! మర్నాడే విరుగుడు మొదలెట్టకపోతే మందే ప్రాణం మీదికి తెస్తుంది.

మరి ఒళ్లంతా తడపడమెందుకు, గడ్డ ఉన్నచోటే మందు పెట్టేస్తే? పెట్టారు! రాజధాని వాషింగ్టన్ దగ్గరున్న మన ఆష్‌బర్న్ నుంచి కారులో గంటన్నర దూరంలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ డాక్టర్ హెన్రీ బ్రెమ్, ఎంఐటీ రాబర్ట్ లాంగర్‌తో కలిసి. మెదడులో గడ్డ తీసిన గుంతలో 8 బిళ్లల దాకా పరుస్తారు. అవే కరుగుతూ మందు వదులుతాయి. 1996లోనే అనుమతి వచ్చింది!

ఇక ఎముకకు? వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో సుష్మితా బోస్ బృందం కాల్షియం ఫాస్ఫేట్‌తో సన్నని రంధ్రాల చట్రాన్ని 3డి ప్రింటర్‌లో అచ్చు తీసింది. (పేరు చూసి పక్కనే అనుకోకండి, అది దేశానికి అవతలి కొసన!) అందులో నింపిన మందేమిటో ఊహించండి... పసుపులోని కర్కుమిన్! ప్రయోగశాలలో 11 రోజులకు క్యాన్సర్ కణాల పెరుగుదల 96 శాతం తగ్గిందని 2019లో ప్రకటించారు. మంచి ఎముక కణాలేమో ఎంచక్కా పెరిగాయి!

అలాగని పసుపు డబ్బా ఖాళీ చేయకండి. తిన్న కర్కుమిన్ రక్తంలోకి చేరేది బహు స్వల్పం. అందుకే ఆ చట్రం!

   

చివరగా, ఇది మాత్రం గుర్తుంచుకోండి: మీ పిల్లల మోకాలి నొప్పి వారాల తరబడి తగ్గకపోయినా, రాత్రి నిద్ర లేపుతున్నా, వాపు కనిపించినా 'ఎదిగే నొప్పులే' అని వదిలేయకండి. డాక్టర్‌కు చూపించి ఎక్స్‌రే తీయించండి.