రైతు కుటుంబమునకు ఒక ఎకరము
(అల్పవ్యయముతో పుష్టికరమైన భోజనము)

విత్తనము మంచిదగునా కాదా యని మొలక కట్టి చూచుకొను రైతు, ఏ నేలకు ఎంత ఎరువు వేయవలయునో లెక్కించి చల్లు రైతు, దాణా తగ్గినచో పాడిగేదె పాలు తగ్గునని యెరిగిన రైతు, తన కంచములో ఏమున్నదో విచారించుట మాత్రము అరుదు. పైరునకు నత్రజని, భాస్వరము, పొటాషు మూడును కావలయునని మేము చెప్పినపుడు మీరు వెంటనే గ్రహింతురు. యూరియా యొక్కటే వేసినచో పైరు పచ్చగా కనబడును గాని గింజ చక్కగా పట్టదు. మనుష్యదేహము సంగతియు నంతియే. ఒక్క ధాన్యముతో కడుపు నిండును, బలము చేకూరదు. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతముల రైతు తన పొలములో నొక ఎకరమును ఇంటి భోజనమునకై ప్రత్యేకించుకొన్నచో, అధికవ్యయము లేకయే ఇంటిల్లిపాది ఆరోగ్యమును చాలవరకు తన చేతిలో నుంచుకొనగలడని నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

జొన్నకూటినుండి వరియన్నమునకు

పలనాటికిని జొన్నకును గల సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. శ్రీనాథ మహాకవి పేరున ప్రచారములో నున్న చాటువులలో పలనాటి జొన్నకూడు పరిహాసమునకు గురియైన సంగతి మీరెరిగినదే. కవి పరిహసించినను, వానపై నాధారపడిన ఈ మెట్టనేలలలో తరతరములుగా ప్రజలను బ్రతికించినది ఆ జొన్నయే. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండవద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడువబడెను. కుడికాలువ నీరు పారిన చోట్ల వరి వచ్చినది. తక్కిన నేలలలో ప్రత్తియు మిరపయు హెచ్చినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినపిమ్మట కాలువ పారని గ్రామములలో సైతము వరియన్నము నిత్యభోజనమగుటకు మార్గ మేర్పడెను.

జొన్న వెనుకబడుటకు తగిన కారణములు లేకపోలేదు. జొన్నలు దంచుటయు, విసరుటయు స్త్రీలకు గొప్ప చాకిరి. పంట చేతికి వచ్చువరకు మంచె యెక్కి పిట్టలను తోలవలయును. వరియన్నము సులభముగా నుడుకును. చుట్టములు వచ్చినపుడు గౌరవముగా నుండును. కావున పూర్వులందరు జ్ఞానులనియు, నేటివారందరు అజ్ఞానులనియు మేము చెప్పబోము. పూర్వపు భోజనమునందును లోపము లుండెను. ఆ లోప మెట్టిదో తెలిసికొన్నచో నేటి లోపము సులభముగా బోధపడును.

ఒక్క ధాన్యమునే నమ్ముకొన్నచో

మన తీరమున, ఉత్తర సర్కారులలో, మిల్లుబియ్యమే ముఖ్యాహారముగా గలవారిలో పూర్వము బెరిబెరి యను వ్యాధి వ్యాపించియుండెను. కాళ్లు తిమ్మిరెక్కును, నీరుపట్టును, గుండె బలహీనపడును. తెల్లగా తోమిన బియ్యమునకును ఈ జాడ్యమునకును గల సంబంధమును మొదట జావాద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు కోళ్లపై పరిశీలించి కనిపెట్టెను; అందులకు 1929లో నోబెల్ బహుమానమును పొందెను. మన దేశమున ఈ వ్యాధిని గురించి విచారించుటకై 1918లో రాబర్టు మెకారిసన్ అను వైద్యుడు కూనూరులో నొక గదిలో చిన్న పరిశోధనశాల నారంభించెను. అదియే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలయుచున్నది.

జొన్న తినువారికి వేరొక జాడ్యము వచ్చెడిది. దక్కను పీఠభూమిలో జొన్నయే ముఖ్యాహారముగా గల బీదవారిలో, ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పొలుసులూడుట, విరేచనములు, మనోవైకల్యము గల పెల్లగ్రా వ్యాధి కనబడుచున్నదని పైసంస్థకు చెందిన గోపాలన్, శ్రీకాంతియా అను శాస్త్రజ్ఞులు 1960లో ప్రకటించిరి. పప్పు, వేరుశనగ, పాలు, మాంసము మొదలగునవి భోజనములో చేరినచోట ఈ వ్యాధికి తావుండదు.

సోదరులారా, ఇందలి నీతిని గమనింపుడు. తీరమున బియ్యము ఒంటరియై బెరిబెరి వచ్చినది. మెట్టసీమలో జొన్న ఒంటరియై పెల్లగ్రా వచ్చినది. దోషము బియ్యమునందును లేదు, జొన్నయందును లేదు, ఒక్కదానినే నమ్ముకొనుటయందున్నది.

నేటి జాడ్యములు

బెరిబెరియు పెల్లగ్రాయు నేడు అరుదైనవి. వాని స్థానమున వేరు రోగములు ప్రవేశించినవి. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశమున పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్లలోపు స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనత గలవారు. దేశములో మధుమేహము గలవారు పది కోట్లకు పైబడిరని 2023లో భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలనవలన తేలినది. ఈ వ్యాధి పట్టణములకే పరిమితమని యనుకొనుట పొరపాటు.

రక్తహీనతకు పలు కారణములు గలవు. వానిలో నొకటి మన యింటి వడ్డనలోనే యున్నది. పండ్రెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై గూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని మనము గర్వముతో చెప్పుకొందుము. కారెంపూడిలో వీరుల ఉత్సవమునాడు దానిని స్మరించుకొందుము. కాని మన యిండ్లలో నేటికిని పురుషులు, పిల్లలు తినినపిదప అడుగున మిగిలిన అన్నమును, కాస్త పచ్చడిని, మజ్జిగను స్త్రీ తినుచున్నది. పప్పు అప్పటికే అయిపోవును. కలుపుతీతలో, మిరపకోతలో రోజంతయు వంగి పనిచేయుచు, బిడ్డలను కని పాలిచ్చు నామెకే ఇనుము, మాంసకృత్తులు ఎక్కువ కావలయును. చాపకూడు మొదట మన వంటింటిలో జరుగవలయును. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు.

ఏ గింజలో ఏమున్నది?

హైదరాబాదు సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికల ననుసరించి నూరు గ్రాముల గింజలలో నుండు పదార్థముల నిచట తెలుపుచున్నాము. తోమిన బియ్యములో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు, పీచు 3 గ్రాములకు లోపు, ఇనుము 1 మిల్లీగ్రామునకు లోపు. జొన్నలో మాంసకృత్తులు 10 గ్రాములు, పీచు 10 గ్రాములు, ఇనుము సుమారు 4 మిల్లీగ్రాములు. సజ్జలో ఇనుము 6 మిల్లీగ్రాములకు పైన. రాగులలో సున్నము 364 మిల్లీగ్రాములు. బియ్యములో నది లేశమాత్రమే. కందిపప్పులో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు, వేరుశనగలో సుమారు 24 గ్రాములు. ధాన్యపు మాంసకృత్తులలో కొరవడిన లైసీను అనునది పప్పులో సమృద్ధిగా నుండును. పప్పులో కొరవడినది ధాన్యములో నుండును. కావుననే మూడు పాళ్లు ధాన్యమునకు ఒక పాలు పప్పు కలిపి తినుట ఉత్తమము.

అదే సంస్థవారు 2024లో ఒక మనిషికి దినమునకు కావలసిన ఆహారమును సుమారుగా నిట్లు నిర్ణయించిరి: ధాన్యములు 250 గ్రాములు, పప్పుదినుసులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిసి 400, పండ్లు 100, నూనెగింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇది 2000 క్యాలరీల లెక్క. పొలములో శ్రమించువానికి ధాన్యము ఇంకను కావలయును. కాని పళ్లెము నిండ అన్నము, దానికి చిటికెడు పచ్చడి యను పద్ధతి ఎవరికిని తగదు.

ఒక ఎకరపు లెక్క

ఇక వ్యయము సంగతి. ఐదుగురు గల కుటుంబమును తీసికొందము. కార్డు గలవారికి జాతీయ ఆహారభద్రతా చట్టముక్రింద మనిషికి నెలకు ఐదు కిలోల వంతున ఇరువదియైదు కిలోల బియ్యము వచ్చును. అనగా మనిషికి దినమునకు సుమారు 167 గ్రాములు. దీనికి 150 గ్రాముల జొన్న చేర్చినచో ధాన్యము సరిపోవును. ఐదుగురికి సంవత్సరమునకు కావలసిన జొన్న 274 కిలోలు, అనగా మూడు క్వింటాళ్లకు లోపే. పప్పు దినమునకు 85 గ్రాముల వంతున 155 కిలోలు, అనగా క్వింటాలున్నర.

నల్లరేగడిలో సెప్టెంబరు, అక్టోబరు మాసములలో అర ఎకరము జొన్న వేసి, మిగిలిన అర ఎకరములో తొలకరిలో కందియు, దాని సాళ్లమధ్య పెసరయు వేసినచో, సామాన్యమైన సంవత్సరమున ఈ గింజ లించుమించుగా చేతికి వచ్చును. చొప్ప పశువులకు దక్కును. కంది ఆకు రాలి నేలకు బలమగును. నాలుగెకరముల ప్రత్తి వేయువాడు మూడెకరములు వేసినచో కోల్పోవునది కొంత నగదు. నిలుచునది ఏడాది గ్రాసము. మేము గ్రామములలో తిరుగునపుడు తరచుగా చూచుచున్న వింత యొకటి గలదు: కళ్లములోనే కందులన్నియు అమ్మివేసి, మూడు మాసములు గడచినపిదప అంగడిలో పప్పు హెచ్చుధరకు కొందురు, ఆ ధర భరింపలేక పప్పు మానుకొందురు. పండించినవాడే పస్తుండుట న్యాయమా? మొదట ఇంటికి కొలిచి, పిదప బజారునకు కొలువుడు. పాలసంగతియు నిట్లే. కేంద్రమునకు పాలు పోయుటకు ముందు పిల్లల గ్లాసులు నింపుడు.

ఒక హెచ్చరిక. ప్రత్తి, మిరప చేల గట్లమీద మొలచిన తోటకూరను, ఆ చేలలో వేసిన దోస, గోంగూరలను తినరాదు. పైరునకు కొట్టిన మందు వానిపైనను పడియుండును. తిండిగింజల ఎకరము మందుచేలకు ఎడముగా నుండవలయును.

పెరటి మొక్క

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెతను మన పెద్దలు ఎగతాళికే చెప్పియుందురు. ఒక మునగచెట్టు, ఒక కరివేపచెట్టు, ఒక జామ, ఒక నిమ్మ, రెండు బొప్పాయిలు, స్నానపునీరు పారుచోట రెండు మళ్ల తోటకూర, గోంగూర, బచ్చలి, పందిరిపై సొర, బీర, చిక్కుడు: ఐదు సెంట్ల చోటు చాలును. మునగాకులో సున్నము, మాంసకృత్తులు మెండుగా గలవు. ఆకుకూరలలో నుండు ఫోలికామ్లము రక్తవృద్ధికి అత్యవసరము. 1940వ దశకములో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో దానిని తయారుచేసిన శాస్త్రజ్ఞులకు నాయకుడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆయన సీసాలోనికి తెచ్చిన దానిని మనము పెరటిలో పండించుకొనవచ్చును. నాలుగు కోళ్లున్నచో పిల్లలకు గ్రుడ్లు దొరకును.

వంటయందు జాగ్రత్తలు

బియ్యమును పలుమార్లు గట్టిగా కడుగకుడు. గంజి వార్చి పారబోయకుడు. బెరిబెరిని నివారించు సత్తువ ఆ నీటితోనే పోవును. ఆకుకూరను కోయకముందే కడుగుడు. పప్పులోనో కూరలోనో దించినపిదప నిమ్మరసము పిండుడు; అందలి పులుపు ఇనుమును దేహమునకు పట్టించును. భోజనము కాగానే తేనీరు త్రాగినచో ఇనుము పట్టదు, గంటసేపు ఆగవలయును.

ఉప్పు మనిషికి దినమునకు ఐదు గ్రాములు మించరాదు. అనగా ఐదుగురి యింటిలో నెలకు ముప్పావు కిలో. ఊరగాయలు, పచ్చళ్లలోని ఉప్పు కూడ ఈ లెక్కలోనిదే. నూనె నెలకు నాలుగు కిలోలు చాలును. ఈ రెండింటిలో మిగిలిన సొమ్ముతో పండ్లు కొనవచ్చును.

2022 మొదలుగా చౌకధరల దుకాణముల బియ్యములో కిలోకు పది గ్రాముల వంతున ఇనుము, ఫోలికామ్లము, బి12 చేర్చిన గింజలను కలిపి యిచ్చుచు వచ్చిరి. అవి ప్లాస్టికు బియ్యమని వదంతి పుట్టి, కొందరు ఏరి పారవేసిరి. అవి బియ్యపుపిండితో చేసిన గింజలే. కనబడినచో పారవేయకుడు.

మధుమేహము, రక్తపుపోటు గలవారు జొన్నరొట్టె తినుచున్నాము గదా యని మందులు మానరాదు. జొన్నయు ధాన్యమే, మితము తప్పినచో అదియు చక్కెర పెంచును. గర్భిణులు ఆరోగ్యకార్యకర్త యిచ్చు ఇనుప మాత్రలను విడువరాదు.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్కరికి సాధ్యము కానిది పదిమంది కూడినచో సాధ్యమగును. జొన్న, కంది విత్తనములను సంఘము మొత్తముగా తెప్పించి పంచవచ్చును. పప్పు విరుచు చిన్న మరను, జొన్నలు విసరు పిండిమరను సంఘపు గిడ్డంగిలో నెలకొల్పినచో స్త్రీల చాకిరి తీరును. జొన్న విడిచిపెట్టుటకు చెప్పు మొదటి కారణము తొలగిపోవును. పదిమంది రైతులు తమ జొన్నచేలను ఒకేచోట ప్రక్కప్రక్కన వేసినచో పిట్టల కావలి వంతులవారీగా జరుగును. నష్టము పంచుకొనబడి ఒక్కని నెత్తిన పడకుండును.

సంఘమున అప్పు కోరి వచ్చువారిలో సేద్యమునకై వచ్చువారును, వైద్యమునకై వచ్చువారును గలరు. సేద్యపు టప్పు పంటతో తీరును. వైద్యపు టప్పునకు పంట లేదు. ప్రతి రోగమును భోజనము ఆపజాలదు గాని, ఆపగలిగినవాని నాపుట మన పని. ఈ తొలకరికి విత్తనపు పట్టిక వ్రాసికొనునపుడు, ప్రత్తికి ముందు, మిరపకు ముందు, మొదటి వరుసలో “ఇంటికి ఒక ఎకరము” అని వ్రాసికొనవలసినదిగా సభ్యులందరిని కోరుచున్నాము.