ఇంజను క్రాంకుషాఫ్టు నందలి మరబిరడాలు: వానిని గుర్తించి మార్చుకొను విధము

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతులకు నూనె యింజను క్రొత్త వస్తువు కాదు. బావినీరు తోడుటకును, పెన్నానది మడుగులనుండి నీరెత్తుటకును చాలకాలము దీనినే నమ్ముకొని యుండిరి. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు అమలులోనికి వచ్చిన పిమ్మట బావులవద్ద ఇంజనులు తగ్గినవి. అయినను కరెంటు లేని చేలలో నవి యింకను పనిచేయుచున్నవి. ట్రాక్టరులలో సయితము ఇట్టి యింజనే కలదు. కావున వేలకొలది రూపాయలు వెచ్చించి బాగుచేయించిన యింజను ఒక చిన్న బిరడా మూలమున చెడిపోకుండుటకు తగిన సంగతులిందు వివరింపబడుచున్నవి.

బిరడా చేయు పని

పిస్టను పైకిని క్రిందికిని పోవు చలనమును గుండ్రని తిరుగుడుగా మార్చు నిరుసే క్రాంకుషాఫ్టు. పంపుద్వారా నూనె నందించు ఇంజనులలో నూనె మొదట మెయిను బేరింగులకు చేరి, షాఫ్టులోపల తొలిచిన సన్నని దారులగుండ కనెక్టింగు రాడ్డు బేరింగునకు పోవును. ఈ దారులను కర్మాగారమున బయటినుండి తొలిచెదరు గనుక వాని కొనలు తెరచి యుండును. ఆ కొనలను మూయునదే మరబిరడా. దీనినే మెకానిక్కులు ప్లగ్గు అందురు. కొన్ని యింజనులలో మరలేని గిన్నెబిళ్ళలను కొట్టియుందురు.

ఈ బిరడా వదులై పడిపోయిన యెడల నూనె యచ్చటనే కారిపోవును. బేరింగునకు నూనె యందక కొలది నిమిషములలోనే యది కాలి షాఫ్టును పట్టివేయును. చీనీ తోటకు తడి యందవలసిన వేసవిలో నిట్లు జరిగినచో ఇంజను ఖర్చుతోపాటు పంట నష్టము కూడ రైతు మీదనే పడును.

లిస్టరు తరగతికి చెందిన నెమ్మది యింజనులు అనేకము నూనెను చిమ్ముటచేతనే తడుపబడును. వానిలో ఇట్టి బిరడాలు ఉండకపోవచ్చును. తమ యింజను ఏ తరగతిదో రైతు ముందుగా తెలిసికొనవలయును.

షాఫ్టును గ్రైండింగు చేయించినపుడు

అరిగిన షాఫ్టును లేతు పనివారు పది థౌ, ఇరువది థౌ, అనగా సుమారు పావు, అర మిల్లీమీటరు చొప్పున తగ్గించి నునుపు చేయుదురు. అప్పుడు రాలిన రాతిపొడి నూనె రంధ్రములలో చేరును. ఇదిగాక షాఫ్టు తిరుగు వేగమునకు నూనెలోని మడ్డి బిరడా వెనుకకు త్రోయబడి గట్టిపడి యుండును. బిరడాలను విప్పకయే గాలి కొట్టించిన ఈ రెండును పూర్తిగా పోవు. ఇంజనును నడిపిన తోడనే ఆ పొడి క్రొత్త బేరింగులను గీరివేయును. కావున షాఫ్టు నిచ్చునప్పుడే బిరడాలు విప్పి కడుగవలయునని స్పష్టముగా చెప్పవలెను.

విప్పుటకు ముందు కిరసనాయిలుతో నానబెట్టి, అంచున గుచ్చిన గుర్తులను సన్నని డ్రిల్లుతో తొలగించవలయును. సుత్తితో బాదరాదు. విప్పిన బిరడా చెడినదైనను పారవేయరాదు. క్రొత్తదానిని వెదకుటకు అదియే ఆధారము.

మరను గుర్తించుట

ఇందే పొరపాట్లు మిక్కుటము. ఇంగ్లండులో విట్వర్తు 1841లో ఏర్పరచిన మరకు 55 డిగ్రీల కోణము. బి.ఎస్.పి. యను గొట్టపు మర ఈ జాతిదే. మెట్రికు మరకు 60 డిగ్రీలు. మన దేశమున 1956 నాటి చట్టము ననుసరించి 1958 అక్టోబరు నుండి మెట్రికు కొలతలు క్రమముగా అమలులోనికి వచ్చినవి. కావున పాత నమూనాలలో అంగుళపు మరయు, తరువాతి వానిలో మెట్రికు మరయు కానవచ్చును.

1/8 అంగుళపు బి.ఎస్.పి. బిరడా వెలుపలి వ్యాసము 9.73 మిల్లీమీటరులు, అంగుళమునకు 28 చుట్లు. 1/8 అనునది పూర్వము గొట్టపు లోపలి రంధ్రమునుబట్టి వచ్చిన పేరే గాని బిరడా కొలత కాదు. 10 మిల్లీమీటరుల సన్న మెట్రికు బిరడాకు చుట్టుకు చుట్టుకు నడుమ దూరము 1 మిల్లీమీటరు. చూపునకు రెండును ఒకటిగనే యుండును. అట్లే 1/4 బి.ఎస్.పి.కి వ్యాసము 13.16 మిల్లీమీటరులు, చుట్లు 19. అమెరికా గొట్టపు మరలో 1/8కి 27, 1/4కి 18 చుట్లుండును.

పిచ్ గేజి లేనిచో నొక సులభోపాయము కలదు. అనేక చిన్న మోటారుసైకిళ్ళ సన్న స్పార్కుప్లగ్గు మర సరిగా 10 మిల్లీమీటరులు, 1 మిల్లీమీటరు చుట్టుది. దాని పండ్లను బిరడా పండ్లతో కలిపి వెలుతురున కెదురుగా చూడుడు. సందు లేక చక్కగా కూడినచో మెట్రికు. కొలది చుట్లకే తేడా కనబడినచో బి.ఎస్.పి. కావచ్చును.

కొనుట, చేయించుట

ఇంజను పుస్తకమందలి భాగము నంబరుతో కంపెనీ డీలరు నడుగుట ఉత్తమము. అచ్చట దొరకనిచో హైడ్రాలిక్ సామాను దుకాణములలో అలెన్ కీతో బిగించు తల లేని బిరడాలు లభించును. నీటిగొట్టముల తలబిరడాలు పనికిరావు. తల పైకి పొడుచుకొని వచ్చి రాడ్డునకు తగులును. క్రొత్తది వ్రేళ్ళతోనే మూడు నాలుగు చుట్లు ఎక్కవలెను. ఊగినను, మధ్యలో పట్టినను అది వేరు మర. బలవంతముగా నెక్కించినచో షాఫ్టు మర పాడగును.

షాఫ్టు మరయే చెడినచో తరువాతి సైజు ట్యాపు వేయించి, దానికి సరిపడు ఉక్కు బిరడాను లేతుపై చేయించుకొనవచ్చును. రంధ్రమును వెల్డింగుతో మూయించరాదు. ఆ వేడిచే షాఫ్టు వంకరపోవుట, పగులుట సంభవించును.

బిగించుట

దారులను బ్రష్షుతోను డీజిలుతోను కడిగి, గాలి కొట్టి, తెల్లగుడ్డకు మురికి అంటనంతవరకు శుభ్రపరచవలయును. మరకు టేపు చుట్టరాదు. దాని ముక్కలు నూనెదారి నడ్డగించును. మర పొడిగా నున్నప్పుడు మర బిగింపు జిగురు ఒక చుక్క వేసి బిగించి, అంచున రెండుచోట్ల పంచితో గుచ్చవలెను. బిరడా పైభాగము షాఫ్టు మట్టమునకు లోపలనే యుండవలెను. లోపలికి మిక్కిలి పొడవైనచో అడ్డదారిని మూసివేయును. సన్నని తీగను పోనిచ్చి దారి తెరచియున్నదని చూచుకొనుడు.

ఇంజనును కూర్చిన పిదప డీజిలు ఆపి, నూనె గేజి కదలువరకు త్రిప్పి, అటుపిమ్మట బరువు లేకుండ కొంతసేపు నడుపుడు. షాఫ్టును ఇంజనులో కూర్చకమునుపే రైతు స్వయముగా నిలిచి బిరడాలను లెక్కించి చూచుకొనవలెను. ఈ చిన్న శ్రద్ధ పెద్ద నష్టమును తప్పించును.